సెలవు రోజున పడని వాన

ఆ వ్యవసాయ కార్యాలయంలో అటెండరుగా చేరిన కొత్తలోనే ఆమెకు గలగల అని పేరు పడింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. బల్లలు తుడుస్తూ మాట్లాడేది, బీరువాలు సర్దుతూ మాట్లాడేది, వినేవాళ్ళు దొరక్కపోతే గోదాములో విత్తనాల మూటలతో మాట్లాడేది. "ఆఫీసులో జీతం పనికిస్తారా, మాటలకిస్తారా?" అని అత్తగారు దెప్పితే, "పనికే అత్తా, మాటలు ఉచితం" అనేది. ఏళ్ళ తరబడి రోజుకూలి మీద ఊడ్చిన మనిషికి పోయినేడే ఉద్యోగం ఖాయమైంది. ఖాయమైందన్న మాటే గానీ, ఇంకా పరీక్షాకాలం నడుస్తూనే ఉంది. ఈలోగా చిన్న మచ్చ పడ్డా ఇంటికి పొమ్మంటారు. భర్త వడ్రంగి. చేతిలో పనున్న నెలల కంటే లేని నెలలే ఎక్కువ. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈమె జీతంతోనే.

ఆఫీసు వెనక ఒక ఖాళీ జాగా ఉంది. దాని మధ్యలో, నడుం ఎత్తు కూడా లేని దిమ్మె మీద వర్షమాపకం ఉంది. అందరూ వాన డబ్బా అనే అంటారు. పైన గరాటు, లోపల సన్నటి సీసా. రాత్రి కురిసిన వాన సీసాలోకి దిగితే, పొద్దున్నే దాన్ని కొలిచి, ముందు రోజు లెక్కలో రాసి పై ఆఫీసుకు పంపాలి. ఆ పని ఒక పాత గుమాస్తాది. ఎండాకాలంలో కూడా కురవబోతున్నట్టే ఉండే మొహం ఆయనది. అందుకని మబ్బాయన అన్నారు. ఆదివారం కూడా బస్సెక్కి వచ్చి, డబ్బా చూసి, మళ్ళీ బస్సెక్కి పోయే మనిషి. పలకరిస్తే "ఊ" అనేవాడు, మరీ సంతోషంగా ఉన్న రోజున "ఊఊ" అనేవాడు.

అలాంటి మనిషిని గలగల ఒకరోజు, "బాబాయ్ గారూ, ఆ డబ్బా చుట్టూ పూలకుండీలు పెట్టుకోనా? మొండిగోడలా ఉంది" అని అడిగింది. ఆయన డబ్బా వైపూ ఆమె వైపూ చూసి, "పెట్టుకో" అన్నాడు. పెట్టింది. బంతి, చామంతి, ఎక్కడి నుంచో అడిగి తెచ్చిన గులాబీ. పనైపోయాక అందరూ వెళ్ళిపోతే, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, తుంపర తుంపరగా తడిపేది. రోజంతటిలో ఆమె నోరు మూసుకునేది ఆ కాస్సేపే.

ఇక ఉద్యోగుల సంఘం అంటే ఆమెకు ఒళ్ళుమంట. గోదాము పక్క గదిలో కూర్చుని టీలు తాగి, తీర్మానాలు చేసి, ఆ గ్లాసులు కడగడం ఈమెకు వదిలేసే గుంపు అది. సెక్రటరీ ఎప్పుడు కనబడ్డా, "చెల్లెమ్మా, ఉద్యోగం ఖాయమైంది కదా, మరి సంఘంలో ఎప్పుడు చేరతావు?" అనేవాడు. "మీ గ్లాసులు మీరే కడుక్కున్న రోజున అన్నా" అనేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మొక్కజొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. కరువు సాయం ఇచ్చే ప్రాంతాల జాబితా వచ్చింది. చుట్టుపక్కల అన్ని చోట్లూ ఉన్నాయి, ఈ ఒక్కటీ లేదు. ఎందుకు లేదంటే, ఇక్కడ వాన పడిందట!

రైతులు ఆఫీసు మీదికొచ్చారు. ఒక ముసలాయన ఎండిన కంకి తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టి, "పడిందంటున్నారే, ఎవడి పెరట్లో పడిందయ్యా?" అని అడిగాడు. ఆఫీసరు తల దించుకున్నాడు. మబ్బాయన రాసిన అంకెలన్నీ బయటికి తీశారు. ఈరోజు కాస్త, రేపు కాస్త, చినుకులు చినుకులుగా కాలమంతా కురిసినట్టే ఉంది. గలగల టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈయనకేం పోయేకాలం, పడని వాన పడిందని రాశాడేంటి, అనుకుంది. ఆ సాయంత్రం మనసు బాగోక మొక్కల దగ్గర మరి కాసేపు ఎక్కువే ఉంది.

మర్నాటి నుంచీ ఇంకో వింత మొదలైంది. ఎప్పుడూ మాట్లాడని మబ్బాయన ఆమె వెంటపడ్డాడు.

"అమ్మాయ్, సంఘంలో చేరు."

"నాకెందుకు బాబాయ్ గారూ?"

"చేరమన్నానా లేదా?"

మధ్యాహ్నం మళ్ళీ అదే మాట. మరుసటి రోజూ అదే. చీపురు పట్టుకుంటే చీపురు దగ్గర, కుళాయి దగ్గరికెళ్తే కుళాయి దగ్గర. తన ఉద్యోగానికే ఎసరొచ్చిన మనిషి, ఇదేం పిచ్చి? ఆఖరికి పోరు పడలేక, "సరే, చేరతాను, నా దారికి అడ్డం లేవండి" అంది. ఆయన అప్పటికప్పుడు సెక్రటరీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె సంతకం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. అయ్యాక "ఊఊ" అన్నాడు.

ఆ వారాంతంలోనే మబ్బాయన్ని సస్పెండ్ చేశారు. డబ్బా చూడకుండా కుర్చీలో కూర్చుని అంకెలు కల్పించాడని అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటే పింఛనూ పోతుంది. రిటైరవడానికి ఇక ఏడాదే ఉంది.

సంఘం సమావేశం పెట్టింది. సభ్యురాలైన పాపానికి గలగల కూడా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. మబ్బాయన రాలేదు. సెక్రటరీ లేచి, గొంతు సవరించుకున్నాడు.

"రేపే విచారణ. వాళ్ళు ఆయన్ని ఎక్కడ పట్టుకున్నారో వినండి. ఆఫీసు తెరిచిన ప్రతి రోజూ అంతో ఇంతో వాన పడిందట. సెలవు రోజున మాత్రం ఒక్క చుక్క లేదట. ఆదివారం లేదు, పండగలకు లేదు. మబ్బులకు కూడా సర్కారు సెలవులేనా అని పై ఆఫీసు వెటకారంగా అడుగుతోంది."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. గలగల కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

సెలవు రోజున తను ఆఫీసుకు రాదు. రాని రోజున మొక్కలకు నీళ్ళుండవు.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. బొటనవేలు అడ్డం పెట్టిన పైపు, ఎగిరే తుంపర, కుండీల మధ్య నోరు తెరుచుకుని కూర్చున్న గరాటు! ఒక్కటొక్కటిగా కాదు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. బల్ల మీద కంకి పెట్టిన ముసలాయన మొహం కూడా వచ్చింది. ఎవడి పెరట్లో పడిందయ్యా అన్నాడు. ఈ పెరట్లోనే. తన చేతి మీదుగానే. రెండు గులాబీల కోసం ఎంతమంది నోట్లో మట్టి కొట్టింది తను! పక్కన కూర్చున్న టైపిస్టు "ఏమైందే, అలా అయిపోయావు?" అని అడిగితే, ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది. సమావేశం ముగిసేదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

అందరూ వెళ్ళాక సెక్రటరీ దగ్గరికెళ్ళింది. గ్లాసులు ఏరుతున్నట్టు నటిస్తూ, ఆ గ్లాసుల వంకే చూస్తూ చెప్పేసింది. సెక్రటరీ అదిరిపడలేదు, కనీసం ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు చెల్లెమ్మా."

"తెలుసా!"

"ఆయనే చెప్పాడు, నిన్ను చేర్పించిన రోజున. మన సంఘానికో కట్టుబాటుంది. ఒక సభ్యుడి కోసం ఇంకో సభ్యుడి మీద పోట్లాడకూడదు. నువ్వు బయటిదానివైతే ఈపాటికి నీ పేరు పైకి రాసిపడేసి ఆయన్ని బయటపడేసేవాళ్ళం. ఇప్పుడా పని చెయ్యలేం. ఆయన అందుకే నిన్ను చేర్పించాడు. నా నోటికీ తాళం వేసేశాడు."

చేతిలోని గ్లాసు జారి పగిలింది. ఇద్దరిలో ఎవరూ వంగి ఏరలేదు.

ఆ సాయంత్రమే బస్సెక్కి మబ్బాయన ఇంటికెళ్ళింది. రెండు గదుల ఇల్లు, వరండాలో మడత కుర్చీ. ఆయన భార్య ఈమెను లోపలికి పిలిచి, నీళ్ళిచ్చి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. గలగల కూర్చోలేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"రైతులొచ్చిన రోజున. గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాను."

"నేను నీళ్ళు పోయడం చూశారు! చూసి ఒక్క కేక వెయ్యలేదేం? చెంప పగలగొట్టలేదేం?"

"డబ్బా చుట్టూ గడ్డిపోచ కూడా ఉండకూడదని రూలు. కుండీలు పెట్టుకోమన్నది నేను." ఆయన గోడకేసి చూస్తూ మాట్లాడాడు. "పొద్దున వచ్చేసరికి నేల తడిగా ఉండేది. మా వైపు పడకపోయినా ఇక్కడ రాత్రి చినుకులు పడ్డాయేమో అనుకునేవాణ్ణి. ఇన్నేళ్ళుగా సీసాలోకే చూశాను గానీ తలెత్తి ఆకాశం వైపు చూసింది లేదు. నీ తప్పుకంటే నా తప్పే పెద్దది."

"తప్పు వేరు, అబద్ధం వేరు. మిమ్మల్ని కుర్చీలో కూర్చుని అంకెలు పుట్టించాడంటున్నారు. ఆదివారాలు కూడా మానని మనిషిని! విని ఊరుకుంటారా?"

"నీ పరీక్షాకాలం ఇంకా అవలేదు. నీ పేరు బయటికొస్తే మర్నాడే ఇంటికి పంపిస్తారు. నాకు మిగిలింది ఏడాదే."

"పింఛను లేకుండా ఈ ఇల్లెలా నడుస్తుంది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గలగలకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలీదు. "రేపు విచారణలో నేనే చెప్పేస్తాను. మీరడ్డొచ్చారో, మీ పరువు దక్కదు" అనేసి, చెప్పులు సగం తొడుక్కునే వీధిలోకి వచ్చేసింది. ఇంటికెళ్ళి భర్తకు అంతా చెప్పింది. ఆయన చాలాసేపు ఉలి నూరుకుంటూ కూర్చుని, "చెప్పకపోతే నీకు అన్నం సయిస్తుందా?" అన్నాడు. సయించదంది. "మరింకేం" అన్నాడు.

మర్నాడు విచారణ మొదలవక ముందే మెట్ల దగ్గర సెక్రటరీని నిలబెట్టేసింది.

"అన్నా, మీ సంఘం నాకొద్దు. ఈ క్షణం నుంచీ నేను సభ్యురాలిని కాను."

"మతి పోయిందా? లోపల నీ తరఫున మాట్లాడే దిక్కుండదు."

"అది నేను చూసుకుంటా. ఇప్పుడు నేను బయటిదాన్నే కదా? బాబాయ్ గారి కోసం నా మీద పోట్లాడండి. గట్టిగా పోట్లాడండి."

సెక్రటరీ నోరు తెరిచాడు. పిచ్చిపట్టినవాడిలా ఆమె మొహంలోకి చూసి, తల పట్టుకుని అలాగే లోపలికి నడిచాడు.

విచారణ ఆఫీసరు గదిలో పెట్టారు. పై ఆఫీసు నుంచి వచ్చినావిడ బల్ల వెనక కూర్చుంది. మబ్బాయన బెంచీ చివర ఉన్నాడు. గలగల ఎవరూ పిలవకముందే ముందుకెళ్ళి, పైపూ కుండీలూ బొటనవేలూ అన్నీ చెప్పేసింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. విచారణాధికారి కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది విన్నట్టు లేదు ఆవిడ.

"అంటే ఇక్కడి కరువు లెక్కంతా తప్పైంది మీ పూలకుండీల వల్లనా?"

"అవునండి. ఆయన ఉన్నదే కొలిచాడు. ఉన్నదే రాశాడు. అందులో నీళ్ళు పోసింది నేను."

"దీనివల్ల మీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా?"

"తెలుసండి."

ఆవిడ సెక్రటరీ వైపు తిరిగింది. "వీళ్ళిద్దరిలో మీ సంఘం సభ్యులెవరు? మీరు ఎవరి తరఫున వచ్చారు?"

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. చెమటలు కక్కుతున్నాడు.

"అదేనండి నాకూ తెలీడం లేదు. ఈవిడ ఇప్పుడే మెట్ల మీద సంఘం వద్దంది, ఆయన కోసం. ఆయన పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే మా ఇంటికొచ్చి సంఘం వద్దన్నాడు, ఈవిడ కోసం తన మీద పోట్లాడమని. రూలు ప్రకారం నాకిక్కడ ఎవరూ లేరు."

గలగల గిర్రున వెనక్కి తిరిగింది. మబ్బాయన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. విచారణాధికారి రాయడం మర్చిపోయింది.

"మరి వెళ్ళిపోతారా?" అని మెల్లగా అడిగింది ఆవిడ.

"లేదండి," అన్నాడు సెక్రటరీ. "ఆ కట్టుబాటు మేం రాసుకున్నదే. సభలో తిట్లు తిని మేమే మార్చుకుంటాం. ఇద్దరి తరఫునా నేనే మాట్లాడతాను." కుర్చీ లాక్కుని బెంచీ పక్కన వేసుకున్నాడు. గలగలను కూడా కూర్చోమని బెంచీ చూపించాడు.

ఆమె మబ్బాయన పక్కన కూలబడింది. కళ్ళు తుడుచుకుని, పళ్ళు బిగబట్టి గుసగుసగా అడిగింది.

"నాతో ఒక్క మాటైనా అనకుండా సంఘం మానేస్తారా?"

"నువ్వు నాతో అన్నావా?" అన్నాడు మబ్బాయన.