అర్జీ మీద రాష్ట్రం పేరు

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు పక్కన, పత్తి లారీలు మలుపు తిరిగే చోట, రేకుల పంచ కింద టైపు మిషన్ పెట్టుకుని కూర్చునేవాడు నిజాముద్దీన్. పింఛనుకు, పట్టాకు, కరెంటు స్తంభానికి అర్జీలు రాసి బతికిన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని అర్జీల సాబ్ అంటేనే తెలుస్తుంది. ఫైరింజన్ కోసమో అంబులెన్స్ కోసమో ఎవరైనా వస్తే మాత్రం చేతిలో ఏమీ పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన తమ్ముడు వాజిద్ ఆ యార్డులోనే హమాలీ. ఒక ఎండాకాలం పత్తి బోరాలు అంటుకున్నప్పుడు లోపల చిక్కుకున్నాడు. దూరం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి ఆర్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. వాజిద్‌ను మొక్కజొన్నలు దించిన ట్రాక్టర్‌లోనే దవాఖానకు తీసుకెళ్లారు. మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

అప్పటినుంచి నిజాముద్దీన్ యార్డుకు ఒక ఫైరింజన్ కావాలని ప్రతి ఏడూ అర్జీ పెడుతూనే ఉన్నాడు. రాసి రాసి ఆయనకు ఒక పద్ధతి అబ్బింది. ఎవరు వచ్చినా ముందు కాగితం ఎక్కించడు.

"దారి చెప్పు," అంటాడు. "పానం మీదికొస్తే మొదలు ఎవరు మోస్తరు? వాగు కాడ ఏం జేస్తరు? జీపు యాడ దొరుకుతది? అర్జీ అంటే ఏడ్సుడు కాదు, దారి చూపెట్టుడు."

ఉద్యమం ఊళ్లను ఊపేస్తున్న రోజులవి. రోడ్ల మీద టెంట్లు, రోడ్ల మీదే వంటావార్పులు. బండ్ల నంబర్లలో ఏపీ చెరిపి టీజీ అని రాసుకుంటున్నారు. సాయంత్రం పని ముగించి నిజాముద్దీన్ కూడా దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవాడు.

ఆ చలికాలంలో కొత్తగూడ అడవి లోపలి తండా నుంచి హరిలాల్ వచ్చాడు. ఆ తండాకు ఆయనే నాయక్. పోడు చేసుకుని పండించిన పత్తిని యార్డుకు తెచ్చి, అమ్మకం కాగానే ఇటు వచ్చాడు. వెంట కూతురు జమున ఉంది. ఆమె తండాలో ఆశా కార్యకర్త. హైదరాబాద్‌లో ఏదో సేవా సంస్థ మారుమూల ఊళ్లకు అంబులెన్స్ బండ్లు ఇస్తోందని, తండా పేరు మీద అర్జీ పెట్టాలని ఆమే తండ్రిని తీసుకొచ్చింది.

దారి అంతా జమున చెప్పింది. ఫోన్ అందాలంటే గుట్ట ఎక్కాలి. బండి రావాలంటే వాగు దాటాలి. పురిటి మనిషినైనా, పాము కరిచిన మనిషినైనా మంచం మీద మోసుకుంటూ రోడ్డు దాకా రావాలి. నిజాముద్దీన్ కాగితం ఎక్కించాడు. అప్పుడు హరిలాల్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట సాబ్. పైన రాష్ట్రం తాన తెలంగాణ అని కొట్టాలె. తండా అంతా కూసొని ఒట్టు పెట్టుకున్నం. గా ఏపీ పేరు మా కాగితం మీద ఉండొద్దు."

"నాయక్, తెలంగాణ ఇంకా సర్కారు కాగితాల మీదికి రాలే."

"కాగితం నీ చేతులనే ఉన్నది గద. కొట్టు, వస్తది."

జమున అడ్డం వచ్చింది. "బాపు, మనకు బండి గావాలె. పేరు ఎనుక చూసుకుందం."

"ఎనుక ఎనుక అనే ఇన్నేండ్లయింది బిడ్డా. సినిమాల మన మాటకు నవ్విన్రు. బస్టాండుల నవ్విన్రు. పానం పోతాందని అడిగే అర్జీ మీద గూడ మన పేరు వద్దా?"

నిజాముద్దీన్ కాగితాన్ని పై వరుసకు జరిపాడు. తర్వాత తెలంగాణ రాష్ట్రం అని కొట్టాడు. అప్పుడే సద్ది తెచ్చిన ఆయన భార్య ఖమర్ బీ భుజం మీదుగా తొంగి చూసింది. తండాల పిల్లలకు ఉర్దూ, తెలుగు రెండూ నేర్పిన మనిషి ఆమె.

"గిది వాపసొస్తదని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసే కొడుతున్నవా?"

"ఒక్కపారి కొట్టి చూడాలనిపించింది."

"సర్కారుకే నేర్పుతడట," అంటూ ఆమె గిన్నె మూత తీసింది. "తిను ముందు. ఆకలైతే రాష్ట్రం ఏదైనా ఒక్కటే."

ఆ తండాలో ఒక ఆచారం ఉంది. ఏ కాగితమైనా మొదటి వేలిముద్ర తండాలో అందరికన్నా పెద్దవాళ్లదే. ఆ పెద్ద మనిషి హరిలాల్ తల్లి రామి. అర్జీని తండాకు తీసుకెళ్లినప్పుడు పైన ఆమె వేలు పడింది, దాని కింద మిగతావాళ్లవి.

ఖమర్ బీ అన్నట్టే అర్జీ తిరిగి వచ్చింది. ప్రభుత్వ రికార్డుల్లో లేని రాష్ట్రం నుంచి దరఖాస్తు తీసుకోలేమని, సవరించి మళ్లీ పంపితే వానాకాలం తర్వాత పరిశీలిస్తామని సంస్థ జవాబు. నిజాముద్దీన్ కబురు పెట్టాడు. ఇప్పపువ్వు ఏరడం అయ్యాక వస్తానని హరిలాల్ తిరుగు కబురు పంపాడు.

ఇప్పచెట్ల కింద ఎండాకులు ఉంటే రాలిన పువ్వు కనబడదు. అందుకని తెల్లవారగానే ఆకులు ఊడ్చి నిప్పు పెడతారు. నేల నల్లగా అయ్యాక దాని మీద పువ్వు తెల్లగా కనబడుతుంది. ఆ పని రామికి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ రోజు గాలి తిరిగింది. అద్దాలు కుట్టిన బరువైన పాత లంగాకు మంట అంటుకుంది. ముడులు ఊడదీసేలోపే కాళ్ల నుంచి నడుము దాకా కాలింది. జమున తడిగుడ్డలు కప్పింది. మంచం మీద పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ, వాగు దాటించి రోడ్డు దాకా మోశారు. జీపు దొరికేదాకా రామి నీళ్లు అడుగుతూనే ఉంది. దవాఖాన దారిలో గూడూరు దాటకముందే అడగడం మానేసింది.

దినాలు అయ్యాక హరిలాల్ రేకుల పంచ కిందికి వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినవు సాబ్. నేనే ఇనలే."

"నేను గట్టిగ చెప్పలే నాయక్. గా పేరు చూడాలని నాకూ ఉండె."

పేరు కోసం పట్టుబట్టి ముసలితల్లిని పోగొట్టుకున్నాడని అప్పుడు కొందరు అన్నారు. అనడం సులువు. ఆ అర్జీ నిండా ఒక దారి ఉంది. గుట్ట ఉంది, వాగు ఉంది, మంచం ఉంది. వాటిలో ఒక్కదాన్నైనా ఎవరూ అబద్ధమనలేదు. పై వరుసలో ఒక మాట నచ్చక మొత్తం కాగితాన్ని పక్కన పెట్టారు. బతకడానికి బండి అడిగినవాళ్లు ముందు తమ పేరు వదులుకుని రావాలన్నది ఏ న్యాయం? ఉద్యమం ఎందుకు పుట్టిందని అడిగేవాళ్లకు నిజాముద్దీన్ ఉపన్యాసం చెప్పేవాడు కాదు. ఆ తిరిగొచ్చిన కాగితం చూపించేవాడు.

రెండో అర్జీ అదే రోజు మొదలైంది.

"దారి చెప్పు నాయక్."

"నీకు తెల్వదా?"

"ఈపారి నువ్వే చెప్పాలె."

హరిలాల్ చెప్పాడు. ఎక్కడ మంచం దించారో, ఎక్కడ తల్లి నీళ్లు అడిగిందో, వాగులో ఎవరి కాలు జారిందో చెప్పాడు. నిజాముద్దీన్ ఒక్క మాట పెంచకుండా కొట్టాడు. అన్నీ అయ్యాక, పైన రాష్ట్రం దగ్గర ఆయన వేళ్లు ఆగాయి.

"ఉన్న పేరే కొట్టు," అని హరిలాల్ మొహం యార్డు వైపు తిప్పుకున్నాడు.

తండాలో అర్జీ చదివినప్పుడు బలరాం అనే యువకుడు ఎత్తిపొడిచాడు. "నాయక్ మెత్తబడ్డడు. ఒట్టు గూడ ఇప్పపువ్వు లెక్కనే రాలిపాయె."

జమున వాడి ముందుకే వచ్చి నిలబడింది. "దాదీ మంచం ఒక కోడు నీ భుజం మీదనే ఉండె గదరా. ఇంకోపారి మోస్తవా? మోస్తనంటే చెప్పు, ఇప్పుడే చింపేస్త."

బలరాం వేలు సిరాలో ముంచాడు. కానీ పైన మొదటి చోట ఎవరూ ముద్ర వేయలేదు. రామి చోటు అలాగే ఖాళీగా ఉంచి, దాని కింద నుంచి మొదలుపెట్టారు.

వానలు వెనకబట్టాయి. సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగాయి. హైదరాబాద్ పోయి సంస్థలో అర్జీ సంగతి అడిగే వీలు లేకపోయింది. నిజాముద్దీన్ పగలంతా సమ్మె టెంటులోనే ఉండేవాడు. సమ్మె తప్పని ఒక్క రోజూ అనలేదు. అడవి దారి మనసులోంచి పోలేదని మాత్రం ఖమర్ బీతో అన్నాడు. సమ్మె ముగిశాక సంస్థ మనిషి ఒకడు తండాకు వచ్చి, అర్జీలో రాసిన దారి వెంబడే నడిచాడు. అర్జీ పైన మొదటి చోట ముద్ర ఎందుకు లేదని అడిగితే జమున చెప్పింది.

ఆ మరుసటి చలికాలం బండి వచ్చింది. తండా యువకులు రంగు డబ్బాతో తయారుగా ఉన్నారు. బలరాం నంబర్ ప్లేటు ముందు కూర్చున్నాడు.

"నంబర్ ముట్టకురా," అన్నాడు హరిలాల్. "నడుమ దారిల పోలీసోళ్లు ఆపిన్రనుకో, లోపలున్న పానం ఆగుతదా?"

"మరి యాడ రాయాలె నాయక్?"

"ఎనుక తలుపు మీద రాయి. మోసుకొచ్చినోళ్లు ఎక్కించేటప్పుడు అదే కనబడాలె."

వాళ్లు తలుపు నిండా తెలంగాణ అని రాశారు.

తెలంగాణ వచ్చిన జూన్ నెలలో, యార్డుకు ఫైరింజన్ కావాలన్న అర్జీని నిజాముద్దీన్ కొత్త రాష్ట్రం పేరుతో మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. రాష్ట్రం వచ్చింది, ఫైరింజన్ ఇంకా రాలేదు. ఆ కాగితం మిషన్‌లో ఉండగానే హరిలాల్ వచ్చాడు. తండా బండి నడిపే డ్రైవర్ జీతం ఇకనుంచి సర్కారే ఇవ్వాలని అర్జీ పెట్టుకోవాలట.

"పైన తెలంగాణ రాష్ట్రం అని జర పెద్దగ కొట్టు సాబ్."

"మిషన్‌కు ఒక్కటే సైజు, నాయక్."

హరిలాల్ కొట్టిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు. తర్వాత సిరా డబ్బీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడు తండాల పెద్దోనివి నువ్వే గద," అన్నాడు నిజాముద్దీన్, పైన మొదటి చోటు చూపిస్తూ.

"గా జాగ మా అవ్వది," అని హరిలాల్ దాని కింద వేలు నొక్కాడు.