లుంగీ కట్టిన కంప్యూటర్

ఆ రోజుల్లో ఇంటికి ఏ యంత్రం వచ్చినా ముందు దానికి బట్టలు కుట్టేవాళ్ళు. అది పనిచేస్తుందా లేదా అన్నది తరువాతి సంగతి. గుడియాత్తంలో మా మేనమామది లుంగీల వ్యాపారం. నేను ఆయన కొట్లో లెక్కలు రాస్తూ, ఆయన ఇంట్లోనే తింటూ ఉండేవాణ్ణి. ఇంట్లో లుంగీ ముక్కలకు కొదవ లేదు, మా అత్తకు కుట్టుమిషనూ ఉంది. కాబట్టి టీవీకి గళ్ళ లుంగీ, మిక్సీకి చారల లుంగీ, ఫోనుకు రుమాలంత లుంగీ. ఒంటిమీద గుడ్డ లేకుండా బతికింది సీలింగు ఫ్యాను ఒక్కటే (అదీ ఎప్పుడూ తిరుగుతుంటుంది గనక అత్తకు దొరకలేదు).

అలాంటి ఇంటికి కంప్యూటర్ వచ్చింది, సాయంత్రానికల్లా దానికీ నాడాల లుంగీ కవరు వచ్చింది. పిల్లల చదువు కోసమని మామ బజారంతా చెప్పాడు. పిల్లలకు దాన్ని దూరం నుంచి చూసే అవకాశం మాత్రం దక్కింది, ఎందుకంటే మామ కారు పందెం ఆట మరిగాడు. కొట్లో ఎన్నడూ నవ్వని మనిషి, తెర మీద కారు మలుపు తిరిగితే కుర్చీలో తనూ అటే ఒరిగేవాడు. చిక్కల్లా ఒకటే. ఆట సగానికి వచ్చేసరికి తెర నీలంగా మారి, కంప్యూటర్ పెట్టె (మేమంతా పెట్టి అనేవాళ్ళం) ప్రాణం విడిచేది. నేను కూర్చుని బిల్లులు కొడితే మాత్రం పొద్దంతా బుద్ధిగా పనిచేసేది.

ఇది ఇంటి గుట్టుగా ఉండిపోతే బాగుండేది. కానీ మామకు వేలూరులో ఒక షడ్డకుడు ఉన్నాడు. అత్త చెల్లెలి మొగుడు. మేమంతా వేలూరాయన అనేవాళ్ళం. వాళ్ళింట్లోనూ అదే ఆట ఉంది. తనను ఓడించినవాడు ఇంతవరకు లేడని మామ చెప్పుకుంటున్న మాటా, పెట్టి సగంలో చచ్చే సంగతీ ఆయన చెవిన పడ్డాయి. ఆదివారం వస్తానని ఫోన్ చేసి, "అందాకా మీ పెట్టి బతికుంటాదా అన్నా?" అని పరామర్శించాడు.

మామ ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు. "అల్లుడూ, నువ్వు లెక్కల్లో పులివి కదా. ఆదివారానికి దీన్ని సరిచెయ్యి. లేకుంటే ఆ మనిషి ముందర నేను తల ఎత్తుకోలేను."

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. నాకు నేనే నేర్పుకున్నాను కాబట్టి గురువు మీద అపారమైన గౌరవం ఉండేది. కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోవడం ఒక లోపంగా తోచలేదు. ముందు పెట్టిని వేలూరులో ఒక అంగడికి తీసుకుపోయాను. బస్సులో కవరు మాసిపోతుందని అత్త దాన్ని ఊడదీసి, మడిచి బీరువాలో పెట్టి, పెట్టిని పాత దుప్పట్లో చుట్టి ఇచ్చింది. కే.వి.కుప్పం మీదుగా వేలూరు చేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయే పసిబిడ్డలా చూసుకున్నాను. అంగడాయన దుప్పటి విప్పి, ఆట మొదలెట్టి మధ్యాహ్నమంతా వదిలేశాడు. అది అలిసిపోలేదు. "పెట్టి నల్లా ఇరుక్కప్పా, బాగానే ఉండాది. మీ ఇంట్లోనే ఏదో ఉండాది," అన్నాడు. తిరిగి తెచ్చాను. అత్త కవరు తొడిగి నాడాలు ముడేసింది. మామ ఆడాడు. పెట్టి చచ్చింది.

తెలివైనవాడు ఇక్కడ ఒక విషయం గమనించి ఉండేవాడు. నేను అంతకన్నా తెలివైనవాణ్ణి గనక కరెంటును అనుమానించాను. వేలూరులో లేనిది, మా వీధిలో ఉన్నది ఏమిటి? ఎదురింటి మరమగ్గాలు. మీటరు అరువు తెచ్చి వోల్టేజి కొలిచాను, గ్రాఫు గీశాను. మగ్గాలు ఆడే వేళా, పెట్టి చచ్చే వేళా ఎంత అందంగా కలిశాయో! (పొద్దస్తమానం ఆడే మగ్గాలు దేనితోనైనా కలుస్తాయని అప్పట్లో నా గురువుకు తెలియదు.)

మామ ఆ గ్రాఫును కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. గోడ తగాదాతో మాటలు మానేసిన మగ్గాలాయన ఇంటికి తానే వెళ్ళి, ఆదివారం కాసేపు మగ్గాలు ఆపమని బతిమాలాడు. ఆయన కంగారుపడి, "ఎవురన్నా పోయినారాప్పా?" అని అడిగాడట. వేలూరు నుంచి చుట్టం వస్తున్నాడని మామ చెప్పాడు. దానికీ ఆయన సానుభూతే చూపించాడు.

ఆదివారం వీధి మౌనం పాటించింది. మరిది వస్తున్నాడని అత్త పెట్టికి కొత్త కవరు కుట్టింది: పట్టు అంచు, లోపల దూది. మామా, వేలూరాయనా ఒకే కీబోర్డు ముందు భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. మామ కారు కొంచెం వెనకబడింది. అందుకుంటుందని నా లెక్క. అంతలో తెర నీలమైంది. ఇంత తొందరగా ఎప్పుడూ కాలేదు.

"ఓడిపోయే ముందర బాగా ఆపినావే అన్నా," అన్నాడు వేలూరాయన. "స్విచ్చి యాడ పెట్టుకోనుండావు, కాలి కిందనా?"

మామ నా వైపు చూశాడు. నేను గ్రాఫు కోసం లేచాను. కాఫీ తెచ్చిన అత్త పెట్టి మీద చెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. "అయ్యో, నా గుడ్డ! దోసె పెనం మాదిరి కాలతా ఉండాది," అంటూ నాడాలు విప్పి కవరు లాగేసింది. ఆవిడ బాధంతా పట్టు అంచు గురించే. పెట్టి వెనక ఫ్యాను మాత్రం ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి గాలి పీల్చుకున్నట్టు బుసకొట్టింది.

కాసేపాగి మళ్ళీ పెట్టారు. ఈసారి చావలేదు. ఆట చివరిదాకా సాగింది. ఆ ఇంట్లో ఏ పందెమూ అంతవరకు పూర్తి కాలేదు గనక మామ ఎలా ఆడతాడో మాకు ఆ రోజే తెలిసింది. వేలూరాయన గీత దాటి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టేసరికి కూడా మామ కారు గడ్డిలో దారి వెతుక్కుంటూనే ఉంది. ఇంకోసారి ఆడారు. మరోసారి ఆడారు. ఈలోపు ఎదురింట్లో మగ్గాలు మొదలయ్యాయి. పెట్టి చలించలేదు. నేను గ్రాఫును మడిచి జేబులో పెట్టుకున్నాను.

"కరెంటు బాగుండాదే అన్నా," అని మెచ్చుకుని వేలూరాయన బస్సెక్కాడు.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ వస్తున్నాడని కబురొచ్చింది. మామ కళ్ళజోడు సర్దుకుంటూ, "దుమ్ము పడతాది. ఆ కవరు తొడగవే," అన్నాడు. గుడ్డ కాలిపోతుందని అత్త గునిసింది. "దూది పెట్టిందే తొడుగు," అన్నాడు మామ. ఆ రోజు పందెం సగంలోనే ఆగిపోయింది. మామ గంభీరంగా నా వైపు తిరిగి, "మగ్గాలు," అన్నాడు. నేను గ్రాఫు తెచ్చి వేలూరాయన ముందు పరిచాను. అంత మంచి గ్రాఫు వృథా కాలేదని ఇప్పటికీ నాకు తృప్తి.

మామ లేడు. నాకిప్పుడు దాదాపు ఆయన అప్పటి వయసు. మా అమ్మాయి కంప్యూటర్‌కు అద్దం గోడలు, రంగుల దీపాలు, అడుగడుక్కీ ఫ్యాన్లు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు పందెం ఆడుతుంది. నిన్న కూడా సగం ఆటకే నా కారు గడ్డిలోకి దిగింది. మెల్లగా పెట్టి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా, నిక్షేపంగా ఉంది. అత్త కుట్టిన కవరు మా బీరువాలోనే ఉంది, పట్టు అంచుతో సహా.

"దీనిమీద దుమ్ము పడదా అమ్మా?" అన్నాను.