రెండు డబ్బాలు, ఇద్దరు బావలు

2024 మే పన్నెండో తేదీ మధ్యాహ్నం నన్ను ఒడిశాలోని గుణుపురం వైపు ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా పంపారు. మర్నాడు పోలింగు. నా అసలు ఉద్యోగం రాయగడలో, సాగునీటి శాఖలో అసిస్టెంటు ఇంజనీరు. రిటైరు కావడానికి ఇంకా పదకొండు నెలలుంది. ప్రిసైడింగ్ ఆఫీసరంటే ఆ ఒక్కరోజుకు బూత్‌లో సర్వాధికారి, ఏదైనా తేడా వస్తే మొదటి ముద్దాయి కూడా. అంతకుముందు నాలుగు ఎన్నికలు చేశానన్న ధీమాతో ట్రైనింగు క్లాసులో వెనక వరసలో కూర్చుని కునుకు తీశాను. ఆ కునుక్కి మూల్యం చెల్లించక తప్పలేదు.

సాయంత్రం మా బృందం సామాను దింపుతుంటే వరండాలో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. ఒకాయన కూర్మయ్య, మునిసిపాలిటీలో నీళ్ళ పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. రెండో ఆయన సింహాచలం, కూర్మయ్య చెల్లెలి భర్త, టైర్ల పంక్చరు షాపు ఉంది. మర్నాడు ఈ ఇద్దరే చెరో పక్షానికి పోలింగ్ ఏజెంట్లు, అంటే బూత్‌లో కూర్చుని ఓటింగు సక్రమంగా సాగుతోందో లేదో చూసే పార్టీ మనుషులు. పార్టీల పేర్లు రాయను, సర్వీసులో పడిన అలవాటు. కూర్మయ్యది రాష్ట్రం పార్టీ, సింహాచలానిది ఢిల్లీ పార్టీ అనుకుంటే చాలు.

“రూపాయి బియ్యం తిన్నప్పుడు మా పార్టీ గుర్తు రాదేటి బావా?” అన్నాడు కూర్మయ్య.

“బియ్యం ఢిల్లీది. సంచీ మీద బొమ్మొకటే మీది. మరి ఈ ఊరికి రైలెవులు తెచ్చేరు?”

“రైలు మీదే, నేనేటి కాదన్నానా? టేసనుకెల్లే రోడ్డు మాది.”

“రోడ్డు మీదే, అందల గోతులూ మీవే.”

ఏజెంట్ల చేతి టీ తాగకూడదని మాకు రూలుంది. వాళ్ళ మాటలు వినకూడదని లేదు. ఒక గంటసేపు విన్నాను. రాయగడ ఆఫీసుల్లో ఇదే వాదన జరిగితే మాటలు మానేసే దాకా వెళ్తుంది. ఇక్కడ పొద్దుగూకగానే ఒకే మోటారు సైకిలు మీద, వాదించుకుంటూనే, ఇళ్ళకు పోయారు. నాకు ముచ్చటేసింది.

ఒడిశాలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేరోజు ఓటేస్తారు. అందుకని బూత్‌లో రెండు సెట్ల యంత్రాలుంటాయి. అసలు పోలింగు ఏడింటికి. తెల్లవారుజామున అయిదున్నరకే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరపాలి. యంత్రం సరిగ్గా లెక్కపెడుతోందని చూపించడానికి, ఒక్కో దాంట్లో యాభైకి తగ్గకుండా ఉత్తుత్తి ఓట్లు వేయిస్తాం. తర్వాత కంట్రోల్ యూనిట్‌లో మూడు బటన్లు వరుసగా నొక్కాలి: క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఓట్లు ముగించడం, ఫలితం చూపడం, తుడిచేయడం. అప్పుడే ఆకుపచ్చ కాగితం సీలు వేసి, దాని నంబరు రాసుకుని, ఏజెంట్ల సంతకాలు తీసుకోవాలి. తుడవకుండా పోలింగు మొదలుపెడితే ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతాయి.

ముందు పార్లమెంటు డబ్బా తీసుకున్నాను. మూడు బటన్లూ నొక్కాను. రిజల్టులో సింహాచలం పార్టీకి ఒక ఓటు ఎక్కువ వచ్చింది. “ఢిల్లీ మాదైపోనాది, ఇక ఇంటికెల్లిపో బావా” అని సింహాచలం, “కొళాయి తిప్పగానే నీళ్ళొచ్చేత్తాయేటి, ఆగు” అని కూర్మయ్య. ఇద్దరినీ కసిరాను. టైము ఆరూ నలభై. బయట క్యూ స్కూలు గేటు దాటింది. ఆ హడావుడిలో అసెంబ్లీ డబ్బాకి కూడా మూడు బటన్లూ నొక్కేశాననే అనుకున్నాను. సీలు వేశాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మొదటి ఓటరును పిలవబోతుంటే కూర్మయ్య చెయ్యెత్తాడు.

“సారూ, రెండో డబ్బా రిజల్టు సెప్పనేదు. అసెంబ్లీలో మేం గెలిసుంటాం. ఈడు విని తీరాల.”

రిజల్టు చూసిన గుర్తు నాకూ లేదు. పడిన మొత్తం ఓట్ల లెక్క చూపే టోటల్ బటన్‌ను సీలు విప్పకుండానే నొక్కచ్చు. నొక్కాను. సున్నా ఉండాల్సిన చోట యాభై కనిపించింది. పదకొండు నెలల్లో మర్యాదగా దిగిపోవాల్సినవాణ్ణి సస్పెన్షనులో దిగిపోవడం ఖాయమనుకున్నాను.

సెక్టార్ ఆఫీసరుకు ఫోను చేశాను. పది పన్నెండు బూత్‌లకు ఒకరుంటారు. ఏజెంట్ల ముందే సీలు కోసి, తుడిచి, కొత్త సీలు వేసి, జరిగింది జరిగినట్టు నా పోలింగు డైరీలో రాయమన్నారు. అలాగే చేశాను. ఈసారి రెండు డబ్బాల్లోనూ సున్నా చూపించి, కొత్త సీలు మీద సంతకాలు తీసుకున్నాను. అయితే కిటికీలోంచి చూస్తున్న కుర్రవాళ్ళకు కనబడింది ఒక్కటే, ఆఫీసరు సీలు కోస్తున్నాడని. నిమిషంలో ఆ మాట క్యూ అంతా పాకింది. “ముందే డబ్బాల ఓట్లేసేసేరంట!” ఆడవాళ్ళు వరస వదిలి బయటికి నడుస్తున్నారు. గొడవైతే పోలింగు ఆగుతుంది. వాళ్ళంతా ఆ ఎండల్లో మరో రోజు మళ్ళీ రావాలి, వస్తారన్న నమ్మకమూ లేదు.

బయటికి వెళ్ళి తెలుగులో చెప్పాను, ఒడియాలో చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఒక్కరూ నమ్మలేదు. తప్పు ఒప్పుకున్న ఆఫీసరును చూసి అనుమానం ఇంకా పెరిగిందేమో కూడా.

అప్పుడు బావలిద్దరూ తామే చెబుతామన్నారు. పార్టీ పేరు నోట రాకూడదని షరతు పెట్టి పంపాను.

“మా ముందే తుడిసేరు. సున్నా నాను సూసేను” అన్నాడు కూర్మయ్య.

“నానూ సూసేను. ఈ ఒక్క ముక్కల మా బావ సెప్పింది నిజమే” అన్నాడు సింహాచలం.

వరస వదిలిన వాళ్ళలో ఒక ముసలమ్మ ఆగి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “ఈలిద్దరూ ఒక్క మాట మీదున్నారంటే అది నిజమే అయ్యుంటాది. పదండర్రా” అని వెనక్కి వచ్చి నిలబడింది. మిగతావాళ్ళు నవ్వుతూ ఆమె వెనక చేరారు. పోలింగు ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలై, ఏ తగాదా లేకుండా ముగిసింది.

నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. డైరీలో ఉన్నదే జవాబుగా రాశాను. ఇద్దరు ఏజెంట్ల సంతకాలూ ఉండటంతో మందలించి వదిలేశారు.

సీలు వేసే పద్ధతి నాకు ముందే తెలుసు. ఆ రోజు నేర్చుకున్నది వేరు. నా పొరపాటును బయటపెట్టింది నా అనుభవం కాదు, బావను ఉడికించాలన్న ఒకాయన పంతం. నా మాటను ఊరు నమ్మలేదు. ఏ విషయంలోనూ కలవని ఇద్దరు కలిశాక నమ్మింది. ఆ ఉదయం ఇద్దరిలో ఒక్కరే వచ్చి ఉంటే, ఆ ఒక్కరూ ఎంత నిజాయితీపరులైనా, ఆ క్యూ వెనక్కి తిరిగేది కాదు.