రేణుక చావు సీను

ఇంటర్వెల్ లైట్లు వెలిగినా రేణుక కుర్చీలోంచి కదల్లేదు. పక్కన వాళ్లమ్మ కొండమ్మ పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో పెట్టుకుని, పేలని గింజలను ఒక్కొక్కటే ఏరేస్తోంది. మార్కాపురంలో ఆ సినిమాకు ఇదే ఆఖరి వారం. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఇంకో ముప్పావుగంటలో తెరమీద రేణుక చచ్చిపోతుంది. ఆ సంగతి కొండమ్మకు తెలియదు.

చావడం నటులకు పెద్ద విషయమేం కాదు. పొద్దున చచ్చి, మధ్యాహ్నం భోజనానికి లేచి వచ్చేవాళ్లే అందరూ. రేణుకకే అది కుదరని పని. పదహారేళ్ల కిందట, కాలేజీ నాటకంలో గెలిచిన కప్పును సంచీలో పెట్టుకుని త్రిపురాంతకంలో హైదరాబాదు బస్సు ఎక్కబోతుంటే, కొండమ్మ ఆమె చెయ్యి లాగి తన తలమీద పెట్టుకుంది.

"ఏ వేషమన్నా కట్టుకో. తిట్లు తిను, తన్నులు తిను, నేనేమీ అనను. నీ ఫొటోకు దండ మాత్రం ఎవురితోనూ ఏయించుకోగాకు. మనింట్లో ఒకటి చాలు."

ఆ ఒకటి రమణది. రేణుకకు అన్న. మందలోంచి తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం పాత పలకల క్వారీ గుంటలోకి దిగి, పన్నెండేళ్లకే నీళ్లలో పోయాడు. ఇంట్లో గోడకు ఉన్నది అతని ఫొటో ఒక్కటే. బతికున్నవాళ్ల ఫొటో దాని పక్కన పెడితే పిల్లవాడు తోడు పిలుచుకుంటాడని కొండమ్మ భయం. కూతురు అవార్డు తీసుకుంటున్న ఫొటోను కూడా బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

ఒట్టును రేణుక ఎంత గట్టిగా నిలబెట్టుకుందో ఆమె నటించిన టీవీ సీరియళ్లు రాసినవాళ్లను అడగాలి. ఆమె పాత్రను ఆపేయాల్సి వచ్చినప్పుడల్లా వాళ్లకు తలనొప్పే. ఒకదాంట్లో ఆమెను దుబాయి పంపారు. ఇంకోదాంట్లో ఆర్నెల్లు కోమాలో పడుకోబెట్టారు. మరోదాంట్లో ఏమీ తోచక సన్యాసం ఇప్పించారు. రెండు మంచి సినిమా వేషాలు ఈ ఒట్టు మూలంగానే చేజారాయి. వాటిలో ఒకటి చేసినామె ఇప్పుడు పెద్ద తార. రేణుకకు కడుపు మండదా? మండింది. పదహారేళ్లూ మండుతూనే ఉంది. ముప్పై ఎనిమిదో ఏట ఒక దర్శకుడు పిలిచి, సినిమా అంతా ఆమె చుట్టూ తిరిగే తల్లి వేషం ఇస్తానన్నప్పుడు, ఒట్టు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సరేనంది. "చచ్చే వేషం గాదు గదా?" అని ఫోన్లో అమ్మ అడిగితే, కాదంది.

సినిమా వచ్చాక నెలరోజులు ఏవో సాకులు చెప్పి నెట్టుకొచ్చింది. ఇవాళ ఊళ్లో కాలు పెట్టీ పెట్టకముందే కొండమ్మ ఆటో పిలిపించింది.

"అమ్మా, పోదాం పా. తలకాయ నొప్పిగా ఉంది."

"నువ్వు కండ్లు మూసుకోని కూచో. నేను చూస్తా."

లైట్లు ఆరాయి. రేణుక తెర వైపు చూడటం లేదు, అమ్మ ముఖమే చూస్తోంది. ఆస్పత్రి సీను వచ్చింది. కొండమ్మ నమలడం ఆపింది. ఇప్పుడైనా చెప్పేయాలనుకుంది రేణుక. తలమీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ తల నిలవదని చిన్నప్పటి నుంచీ విన్న మాట. హైదరాబాదులో అన్నేళ్లున్నా ఆ భయం ఆమెను వదల్లేదు. అమ్మకు ఈ కుర్చీలోనే ఏమన్నా అయితే?

తెరమీద ఒక గోడ. గోడకు ఫొటో. ఫొటోలో రేణుక నవ్వుతోంది. కొడుకు వేషం వేసిన కుర్రాడు స్టూలు ఎక్కి బంతిపూల దండ వేశాడు.

కొండమ్మ చెయ్యి వచ్చి రేణుక మణికట్టును పట్టుకుంది, గాజులు చర్మంలో దిగేంత గట్టిగా. తెరను చూసింది, కూతుర్ని చూసింది, మళ్లీ తెరను చూసింది. సినిమా అయిపోయేదాకా పట్టు సడలించలేదు.

జనం లేచి వెళ్లిపోతున్నారు.

"ఒట్టు తప్పినావు" అంది కొండమ్మ.

"తప్పినాను."

"అబద్ధం గూడ చెప్పినావు."

రేణుక తల దించుకుంది. చెంపమీద పడుతుందనుకున్న చెయ్యి ఇంకా మణికట్టు మీదే ఉంది. మెల్లగా నిమురుతోంది.

"మీయన్నను పైకి తీసినప్పుడు చెయ్యి పట్టుకున్నా. నీళ్లలో నానిన పలక మాదిరి సల్లంగా ఉండె." కొండమ్మ కూతురి చేతిని తన చెంపకు ఆనించుకుంది. "నీది దండ పడినాక గూడ ఎచ్చగా ఉంది పాపా."

రేణుకకు ఏడుపు ఆగలేదు. కొండమ్మ కొంగుతో ముందు కూతురి ముఖం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"ఇంకో ఆట ఉందేమో కనుక్కో" అంది. "నా పక్కనే కూచోవాల."