నేపాలీ చిన్నాన్న చిలప

ఎప్పుడూ చూడని మనిషి మీద బెంగ ఉంటుందా అంటే, నాకుంది. ఆయన్ని మా ఇంట్లో నేపాలీ చిన్నాన్న అనేవాళ్ళం. మా నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. మన సైన్యం లంకకి వెళ్ళినప్పుడు నాన్న నడిపిన లారీలో గూర్ఖా సిపాయిలు ఉండేవారు. వాళ్ళలో ఒకడాయన. దేశం వేరైనా మన సైన్యంలో చేరి మనవాళ్ళ పక్కన నిలబడ్డవాడు. మందుపాతర పేలి నాన్న ఎడమకాలు మోకాలి కిందికి పోయినప్పుడు, నాన్న మెడలో ఉన్న పొందూరు తువ్వాలు లాగి తొడకి బిగించి కట్టింది ఆయనే. నాన్నని రోడ్డు పక్కకి ఈడ్చి పడుకోబెట్టి, ఇంకొకణ్ణి తేవడానికి వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఆ తువ్వాలు మా అమ్మ వడికిన నూలుతో నేసింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన దాన్ని చెంపకి ఆనించుకుని, వాళ్ళమ్మకి ఇలాంటిదొకటి తెచ్చిపెట్టమని నాన్నని అడిగాడట. నాన్న సరేనన్నాడు. ఆ తల్లి ఏ కొండల్లో ఏ ఊళ్ళో ఉంటుందో మాత్రం అడిగి ఉంచుకోలేదు. అది అడగలేదన్న బాధ నాన్నని చివరిదాకా తినేసింది.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది, పొందూరుకి దగ్గర్లోని మా ఊళ్ళో చనిపోయిన సైనికుల పేర్లతో స్తూపం కట్టారు. నాన్న చంకలో కర్ర పెట్టుకుని ఊరి పెద్దలందరి చుట్టూ తిరిగి, ఆఖరి వరసలో నేపాలీ చిన్నాన్న పేరు చెక్కించాడు.

"ఆడి తల్లికి తువ్వాలు ఇయ్యలేకపోనాను. మన నూలన్నా ఆడి పేరు మీద పడాల" అన్నాడు అమ్మతో.

అమ్మ ఆ వేసవంతా రాట్నం ముందే కూర్చుంది. కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, వెంట్రుకంత సన్నంగా వడికి, ఆ నూలుని దండలా ఒక చిలప చుట్టింది. అప్పటికే కళ్ళు మసకలు. అంత సన్నం మళ్ళీ వడకలేనని తనకీ తెలుసు. నేను ముట్టుకోబోతే, "సెయ్యి కడుక్కున్నావేటే?" అని కసిరేది.

స్తూపం ప్రారంభానికి ఒక నాయకుడు వచ్చాడు. చిలప ఉన్న పళ్ళెం పట్టుకుని నేను స్తూపం పక్కన నిలబడ్డాను. నా ఘనకార్యం ఇక్కడే చెప్పాలి. మా వైపు పెద్దమనిషి వస్తే పూలదండ వెయ్యం, నూలు చిలప వేస్తాం. వడకడం చూడ్డానికి వచ్చినవాళ్ళకి, బడికెళ్ళే రోజుల నుంచీ ఎన్ని మెడల్లో వేశానో నాకే తెలియదు. ఆ నాయకుడు కారు దిగి నేరుగా నా ముందుకొచ్చి తల వంచాడు. వంగిన మెడ కనబడగానే నా చేతులు లేచాయి. వేసేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్న ముఖం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

నాన్న కర్ర ఊనుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే మాట్లాడాడు.

"బాబూ, మా పిల్ల పొరపాటు సేసినాది. ఆ చిలప స్తూపానికి. ఆఖర్న పేరున్నాది సూడండి, ఆడికి. తమరి సేత్తోనే వెయ్యండి."

నాయకుడు వంగి ఆ పేరు చదివాడు. నవ్వాడు. ఎవరో చేతికిచ్చిన మైకులోనే, అందరికీ వినబడేలా అన్నాడు.

"నేపాలోడికి మనూళ్ళో రాయేటి? జీతానికి వచ్చినాడు, సచ్చిపోనాడు. మనోళ్ళు మాత్రం? ఆ లంకకి ఎవులెళ్ళమన్నారు? కాలు పోగొట్టుకొచ్చి ఊరంతా సూపించుకోడమేనా? ఎళ్ళి కూకో."

ముందు వరసలో చెయ్యి లేని ఒకాయన ఉన్నాడు. కొడుకు ఫోటో ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లి ఉంది. ఆవిడ ఫోటోని చీర చెంగుతో కప్పేసింది. నాయకుడు చిలప తీసి, దాంతోనే మెడా ముఖమూ తుడుచుకుని, కుర్చీ చేతి మీద పడేసి వెళ్ళిపోయాడు.

ఈ రోజుకీ ఆ ముఖం ఏ గోడ మీదైనా కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ వేసినవి నా చేతులు.

ఇంటికొచ్చాక అమ్మ చిలపని నీళ్ళలో నానబెట్టబోయింది. నాన్న వద్దన్నాడు.

"మాసిందని కాదే. ఆ మెడెక్కినదాన్ని నా తమ్ముడికెలాగ ఏస్తాను?"

"ఇంకోటి వడుకుతాను మావా" అంది అమ్మ.

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. దారం తెగిపోయేది. కళ్ళు తుడుచుకుని అతికేది, మళ్ళీ తెగేది. నాన్న రోజూ మంచం మీద నుంచి, "అయినాదేటే?" అని అడిగేవాడు. అమ్మ, "అవుతాది మావా" అనేది. నన్ను మాత్రం ఇద్దరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండేళ్ళకి, చిలప సగంలో ఉండగానే నాన్న పోయాడు. ఆ "అయినాదేటే" మళ్ళీ వినాలని ఉంటుంది నాకు, ఒక్కసారైనా సరే, విసుక్కుంటూ అడిగినా సరే.

అమ్మ ఆ తర్వాత రాట్నం ముట్టుకోలేదు. నేనే కూర్చున్నాను. చిన్నప్పుడు నేర్చుకోమంటే తప్పించుకు తిరిగినదాన్ని, పెళ్ళై పిల్లలు పుట్టాక అమ్మ చేత మొట్టికాయలు తింటూ నేర్చుకున్నాను. అమ్మ వడికిన సగానికి నా సగం కలిపి చిలప చుట్టేసరికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఎక్కడ అమ్మది అయిపోయిందో, ఎక్కడ నాది మొదలైందో గుడ్డివాళ్ళు కూడా తడిమి చెప్పగలరు.

ఒక ఉదయం చేతులు కడుక్కుని, ఒక్కదాన్నే స్తూపం దగ్గరికి వెళ్ళాను. ఆఖరి పేరులో దుమ్ము పేరుకుంది. కొంగుతో తుడిచాను. రాయి కదా, నా కోసం మెడ వంచదు. నేనే మునివేళ్ళ మీద లేచి చిలప వేసి, ఆ పేరు మీదికి వచ్చేదాకా కిందికి సర్దాను.

"కొంచెం లావుగా ఉన్నాది చిన్నాన్నా, ఏటీ అనుకోకు" అన్నాను. "నాన్న పంపినాడు."