సీసా అడుగు

కడపలో ఎం.ఫార్మసీ చదివే పద్మప్రియ ల్యాబుకు రాగానే, భుజాన ఉన్న సంచి దించకుండానే వంగి, ముందురోజు మందు కలిపి పెట్టిన సీసా అడుగు చూసేది. పసుపులోని మందు నీళ్ళలో కరగదు, కరగనిది ఒంటికి పట్టదు. దాన్ని కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా చేసి నీళ్ళలో నిలపాలని ఆమె పట్టుదల. గైడు అంశం మార్చుకోమన్నా వినలేదు. రోజూ అడుగున మడ్డి పేరుకునేది. ఆమె మూతి ముడిచి, గోళ్ళకంటిన పసుపు గీరుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ సోమవారం మడ్డి లేదు. సీసాను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి, బద్వేలులో కిరాణా అంగడి నడిపే నాన్నకు ఫోన్ చేసింది.

"నాయనా, సీసా అడుగున ఏమీ లేదు."

"ఒలికిపోయిందా తల్లీ?" పెద్దసుబ్బయ్య కంగారుపడ్డాడు.

"లేదు నాయనా. అంతా నీళ్ళల్లోనే ఉండాది."

సంగతి సగమే అర్థమైనా, ఆ పూట అంగడికొచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ఆయన బెల్లం ముక్క పెట్టాడు.