గోడకవతలి కుక్క

బస్సు కండక్టరుగా రిటైరైన ఆమెను వీధిలో అందరూ కండక్టరమ్మ అనేవారు. భర్త పోయాక పెరట్లో నాటుకోళ్ళు పెంచుకుంటూ ఒంటరిగా ఉండేది. కోళ్ళను మూసిపెట్టడం ఆమెకు గిట్టదు. తెల్లారగానే గూటి తలుపు తీస్తే అవి పెరడంతా కెలుక్కుంటూ తిరిగేవి.

గోడకవతల మరిది ఇల్లు. తోడికోడలితో ఆమెకు ఏళ్ళ తరబడి విసుర్లే తప్ప మాటల్లేవు.

ఒక మధ్యాహ్నం ఎర్రపెట్ట కనబడలేదు. గోడవారన ఈకలు రాలి ఉన్నాయి. గోడ విరిగిన చోట తోడికోడలి కుక్క నిలబడి మూతి నాక్కుంటోంది. ఇంకేం కావాలి! కండక్టరమ్మ ఒంటికాలి మీద లేచింది.

“కుక్కకి తిండి పెట్టలేకపోతే చెప్పు, నేనే ఇంత పడేస్తా. మధ్యలో నా కోళ్ళేం చేశాయి?”

“అది తింటుంటే నువ్వు చూశావా అక్కా? కోళ్ళని గాలికొదిలేసి మా మీద పడి ఏడుస్తావేం?”

ఇక రోజూ అదే రభస. కుక్క మొరిగినా తిట్లే, మొరగకపోయినా తిట్లే. చివరికి మరిదికి విసుగొచ్చింది. “వదినా, నీకో దండం” అని కుక్కను తీసుకెళ్ళి కలప డిపో వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి ఏడ్చింది. కిటికీలోంచి అది చూసి కండక్టరమ్మ హాయిగా ఇంకో కప్పు టీ పెట్టుకుంది.

వారం తిరక్కుండానే రెండు పెట్టలు చచ్చి పడున్నాయి. మెడ మీద గాట్లు తప్ప ఒళ్ళు చెక్కుచెదరలేదు. మర్నాడు ఆమె వెనక గుమ్మంలోనే కూర్చుంది. పట్టపగలు, గోడ కింద మురుగు తూములోంచి ముంగిస తల బయటపెట్టింది. చెప్పు విసిరితే, ఆమె వంక ఒకసారి చూసి తాపీగా వెనక్కి దూరింది.

గోడ మీద తోడికోడలి ముఖం లేచింది. “మా కుక్క ఉన్నన్నాళ్ళూ అది ఇటు తొంగిచూసిందా?”

కండక్టరమ్మ చెప్పు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కలప డిపోకి వెళ్ళి కుక్కను తిరిగిమ్మని అడిగింది. “కుదరదమ్మా, ఇక్కడికి అలవాటు పడిపోయింది” అన్నాడు వాచ్‌మన్. కుక్క ఆమెను చూసి పళ్ళు బయటపెట్టింది.

మర్నాడే వెల్డరు వచ్చాడు. తూముకి ఇనుప చువ్వలు బిగించి, పెరట్లో ఒక మూలంతా సన్నకన్నాల జాలీ కట్టాడు. “ముంగిస మట్టి తోడుకుని కింద నుంచి వస్తుందమ్మా” అంటూ జాలీ అంచును మూరెడు లోతున బయటికి మడిచి పాతిపెట్టాడు. గద్దలకు అందకుండా పైన వల పరిచాడు.

ఆ తర్వాత ఒక్క కోడీ పోలేదు. కానీ జాలీలో అవి ముడుచుకుని కూర్చునేవి, గుడ్లు తగ్గించేశాయి. చూడలేక ఆమె సాయంత్రాలు కాసేపు బయటికి వదిలి, కర్ర పట్టుకుని గోడ విరిగిన చోట నిలబడేది.

ఒకరోజు అవతల బట్టలు తీస్తున్న తోడికోడలు ఆగి చూసింది. “ఏం అక్కా, కాపలా కుక్క ఉద్యోగం నీకే ఇచ్చారా?”

కండక్టరమ్మకు ఒళ్ళంతా మండింది. ఎదురు మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ గండి మీద నుంచి చూపు తిప్పితే పెట్టలకు ప్రమాదం. పళ్ళు కొరుక్కుంటూ అలాగే నిలబడింది.